అడవిలో బతికినవాళ్ల జ్ఞాపకాలను రికార్డు చేయడం ఎలా?

అడవుల గురించి కాగితాల మీద మిగిలింది ఎక్కువగా కలప లెక్కే. ఏ ఏడాది ఏ కూపు (నరకడానికి గుర్తు పెట్టిన అడవి ముక్క) నరికారు, డిపోకు ఎన్ని దుంగలు చేరాయి, వేలంలో ఎంత వచ్చింది, ఎవరి మీద కేసులు పెట్టారు అనేవి ఆఫీసు ఫైళ్లలో దొరుకుతాయి. ఆ దుంగలను ఏ దారిన కిందికి దించారు, వాగు పొంగిన రోజున ఏం చేశారు, నరకక ముందు అక్కడ ఏ చెట్లు ఉండేవి, నరికాక ఎన్నాళ్లకు తేనెపట్టు కనిపించడం మానేసింది అనేవి రాసిపెట్టాల్సిన అవసరం ఆ ఆఫీసులకు రాలేదు. అవి తెలిసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. చాలామంది డెబ్బై, ఎనభై ఏళ్లు దాటినవాళ్లు. వాళ్లను అడిగి రికార్డు చేయడానికి చరిత్రలో డిగ్రీ అక్కర్లేదు. ఓపిక, ముందుగా తయారయ్యే అలవాటు, ఇచ్చిన మాట నిలబెట్టుకునే గుణం ఉంటే చాలు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ 1948లో చరిత్రకారుడు అలన్ నెవిన్స్ చొరవతో మౌఖిక చరిత్రకు, అంటే మనుషుల జ్ఞాపకాలను అడిగి రికార్డు చేసే పనికి, ఒక విభాగం మొదలుపెట్టింది. 1946లో ఏర్పడిన ఫారెస్ట్ హిస్టరీ సొసైటీ 1950ల నుంచే అడవులతో, కలపతో జీవితం ముడిపడిన మనుషులను ఇంటర్వ్యూ చేసి దాస్తోంది. సంస్థ పెద్దదైనా మీరు ఒక్కరే అయినా చేయాల్సిన పనుల క్రమం ఒకటే. కింద చెప్పేది ఆ క్రమం.

ముందుగా ఒక చోటు, ఒక ప్రశ్న

"ఈ అడవి చరిత్ర మొత్తం రికార్డు చేస్తాను" అని బయలుదేరితే అందరూ చెప్పే నాలుగు మాటలే చేతికొస్తాయి. ఒక లోయ, ఒక రంపపు మిల్లు, ఒక కార్చిచ్చు, డ్యాము కింద మునిగిన ఒక అడవి ముక్క, సహజమైన అడవిని కొట్టేసి ఒకే జాతి చెట్లు నాటిన ఒక గుట్ట, ఇలా చేతికి అందేంత చిన్నది ఎంచుకోండి. తర్వాత దాని మీద ఒక ప్రశ్న వేసుకోండి. ఆ ప్రశ్న చెట్టు దగ్గర ఆగిపోకుండా మనుషుల దాకా రావాలి.

అమెరికన్ చెస్ట్‌నట్ చెట్ల సంగతే చూడండి. వాటిని చంపే శిలీంధ్రపు తెగులును 1904లో న్యూయార్క్‌లో గుర్తించారు. తర్వాతి అర్ధశతాబ్దంలో సుమారు 400 కోట్ల చెట్లు పోయాయని అంచనా. ఈ లెక్క ఎక్కడైనా దొరుకుతుంది. కానీ ఆ కాయలు ఏరి అమ్ముకున్న కుటుంబానికి, రాలిన కాయల మీద పందులను మేపిన రైతుకు, ఆ కలపతో కంచెలు వేసిన వడ్రంగికి జరిగిన నష్టం ఒకటి కాదు. "చెట్లు ఎప్పుడు చచ్చాయి?" అనేదాని కంటే "చెట్లు పోయిన తర్వాత ఈ లోయలో ఎవరెవరు ఏ పని మానుకున్నారు?" అన్న ప్రశ్నే మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తుంది.

వెళ్లే ముందు చదవాల్సినవి

అవతలి మనిషి టైమ్‌కు మీరిచ్చే మొదటి గౌరవం హోంవర్క్ చేసి వెళ్లడం. అటవీశాఖల వర్కింగ్ ప్లాన్లు (ఏ అడవిలో ఎప్పుడు ఏం నరకాలో, ఏం నాటాలో రాసిన ప్రణాళికలు), పాత మ్యాపులు, జిల్లాల వివరాలు రాసిన గెజిటీర్లు, ఆనాటి పత్రికలు, కోర్టు తీర్పులు దొరికినంత చదవండి. ఉపగ్రహ చిత్రాలనూ వదలొద్దు. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. అంతకు ముందు కాలానికి అమెరికా గూఢచారి ఉపగ్రహం కొరోనా 1960 నుంచి 1972 వరకు తీసిన ఫోటోలు ఉన్నాయి. వాటి మీద రహస్య ముద్రను 1995లో తొలగించారు. మీ లోయ ఆ రోజుల్లో పైనుంచి ఎలా కనిపించేదో ఒక కాగితం మీద ప్రింట్ తీసుకెళ్తే, అది చూసి మాట మొదలయ్యే అవకాశం ఎక్కువ.

చదివినదాని నుంచి ఒక పేజీ కాలపట్టిక తయారు చేసుకోండి. ఏళ్ల పక్కన ఆ ప్రాంతంలో అందరికీ గుర్తుండే సంఘటనలు రాయండి: పెద్ద తుఫాను, కరువు, కార్చిచ్చు, రోడ్డు పడటం, కరెంటు రావడం, మోటారు రంపం మొదటిసారి కనిపించడం. మనుషులు జ్ఞాపకాలను తేదీలతో దాచుకోరు. "1968లోనా, 69లోనా?" అని అడిగితే పాపం ఏదో ఒకటి చెప్పేస్తారు. "రోడ్డు పడకముందా, పడ్డాకా?" అని అడిగితే ఆలోచించి చెబుతారు, చాలాసార్లు సరిగ్గానే చెబుతారు.

ఎవరిని అడగాలి

ప్రతి చోటా ఒక పెద్దమనిషి ఉంటారు. ఎవరొచ్చి ఏం అడిగినా ఊరంతా ఆయన్నే చూపిస్తుంది. ఆయన్ని తప్పకుండా కలవండి, కానీ అక్కడితో ఆగొద్దు. అడవితో పని ఎంతమందికి ఉండేదో లెక్కేసుకోండి: గొడ్డలి పట్టినవాళ్లు, దుంగలు లాగిన ఏనుగుల మావటీలు, బండ్లు తోలినవాళ్లు, లారీ డ్రైవర్లు, బొగ్గు కాల్చినవాళ్లు, తేనె తీసినవాళ్లు, పశువులు మేపినవాళ్లు, నర్సరీలో మొక్కలు పెంచిన ఆడవాళ్లు, క్యాంపుల్లో వంట చేసినవాళ్లు, బీటు గార్డులు, రేంజి ఆఫీసు గుమాస్తాలు, కాంట్రాక్టర్లు, మిల్లు కార్మికులు. గార్డు ఒక కథ చెబుతాడు, ఆ గార్డు పట్టుకున్న మనిషి ఇంకొకటి చెబుతాడు. రెండూ మీకు కావాలి. ఒకవైపు వాళ్లతోనే మాట్లాడితే మీ చేతిలో మిగిలేది చరిత్ర కాదు, వకాల్తా.

ఆడవాళ్లను అడగడం మర్యాద కోసం కాదు. 1974 మార్చి 26న హిమాలయాల్లోని రేణీ ఊళ్లో చెట్లు నరకడానికి కూలీలు వచ్చేసరికి మగవాళ్లు ఊళ్లో లేరు. సైన్యం తీసుకున్న భూములకు నష్టపరిహారం ఇస్తామంటే చమోలీ వెళ్లారు. గౌరాదేవి వెంట నడిచి చెట్లను కాపాడింది ఆడవాళ్లే. ఆ ఊరి మగవాళ్లను మాత్రమే ఇంటర్వ్యూ చేసి ఉంటే, చెట్లను కౌగిలించుకుని నరకనివ్వని చిప్కో ఉద్యమంలో అంత ముఖ్యమైన రోజును కళ్లారా చూసిన మనిషి ఒక్కరూ ఆ రికార్డులో ఉండరు. రోజువారీ అడవి సంగతి కూడా అంతే. కట్టెల కోసం, ఆకుల కోసం రోజూ వెళ్లే మనిషికి ఏ చెట్టు ఎంత దూరం జరిగిపోయిందో కాళ్ల నొప్పుల్లో గుర్తుంటుంది.

వయసును బట్టి వరస పెట్టుకోండి. అందరికంటే పెద్దవాళ్లు, ఆరోగ్యం బాగాలేనివాళ్లు ముందు. వాళ్ల విషయంలో "వచ్చే నెల చూద్దాం" అనుకోవద్దు.

అనుమతి: తొందరపడకూడని మెట్టు

మొదటిసారి రికార్డర్ లేకుండా వెళ్లండి. మీరు ఎవరు, ఎందుకు అడుగుతున్నారు, రికార్డు ఎక్కడ ఉంటుంది, ఎవరు వింటారు, ఇంటర్నెట్‌లో పెడతారా లేదా అన్నీ వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. పేరు దాచమనవచ్చని, కొన్ని భాగాలు తీసేయమనవచ్చని, కొన్నేళ్లపాటు ఎవరికీ వినిపించకుండా మూసి ఉంచమనవచ్చని, మధ్యలో ఆపేయవచ్చని కూడా చెప్పండి. ఇవి ఉపకారాలు కావు, వాళ్ల హక్కులు. సంతకం అంటే భయపడేవాళ్లు, చదువు రానివాళ్లు ఉంటారు కాబట్టి అంగీకారాన్ని నోటిమాటగా రికార్డు చేస్తే సరిపోతుంది. ఉమ్మడి అడవి గురించి, సమూహం మొత్తానికి చెందిన విషయాల గురించి అడుగుతుంటే ఒక్కరి ఒప్పుదల చాలదు. ఊరి సభ ముందు కూడా విషయం పెట్టాలి.

అడవి జ్ఞాపకాల్లో ప్రమాదకరమైనవి చాలా ఉంటాయి. దొంగచాటుగా నరికిన చెట్లు, వేట, ఇచ్చిన లంచాలు, తీసుకున్న లంచాలు, లాఠీ దెబ్బలు. ఇలాంటివి నోరు జారి వచ్చినా రికార్డులో పడ్డాక సాక్ష్యమే. "ఎవరికీ తెలియనివ్వను" అని చట్టం ముందు నిలబడని హామీ ఇవ్వొద్దు. బోస్టన్ కాలేజీ ఉత్తర ఐర్లాండ్ సాయుధ గ్రూపుల మాజీ సభ్యులను, బతికున్నంత కాలం బయటపెట్టబోమని మాటిచ్చి ఇంటర్వ్యూ చేసింది. 2011లో కోర్టు నోటీసులు వచ్చాయి, కొన్ని టేపులు పోలీసుల చేతికి వెళ్లాయి. కాబట్టి ముందే చెప్పండి: "ఇబ్బంది తెచ్చే పేర్లు, తేదీలు చెప్పకండి. చెప్పాలనిపిస్తే రికార్డర్ ఆపేద్దాం." విలువైన సమాచారం పోతుందని బాధపడొద్దు. మనిషి క్షేమం కంటే ఏ ఫైలూ ఎక్కువ కాదు.

మందు మొక్కల విషయంలో ఇంకా జాగ్రత్త. 1987లో కేరళ అగస్త్యమల కొండల్లో శాస్త్రవేత్తలకు దారి చూపిన కాణి తెగవాళ్లు అలసట రాకుండా ఒక మొక్క కాయలు నమిలారు. అక్కడి నుంచి తెలిసిన ఆరోగ్యపచ్చ మొక్కతో 'జీవని' అనే మందు తయారైంది. లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం కాణివాళ్లకు ఇవ్వాలని తర్వాత ఏర్పాటు చేశారు. అలా అన్నిసార్లూ జరగదు. ఏ మొక్క, ఏ భాగం, ఏ జబ్బుకు, ఎంత మోతాదు అన్న వివరాలను ఆ సమూహం స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప బహిరంగ రికార్డులో ఉంచొద్దు. ఆ భాగాన్ని వేరే ఫైలుగా చేసి వాళ్లకే ఇవ్వడం నా దృష్టిలో సరైన పద్ధతి.

రికార్డింగ్ సామాను

దీని గురించి అక్కర్లేనంత టెన్షన్ పడతారు. చేతిలో ఇమిడే డిజిటల్ రికార్డర్ ఉంటే మంచిది, లేకపోతే ఫోన్ చాలు. ఫోన్ అయితే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, చొక్కాకు తగిలించే చిన్న మైకు కొనండి. ఎంపీ3 కాకుండా వేవ్ ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేయండి. పాత పత్రాలు, రికార్డింగులు భద్రపరిచే ఆర్కైవులు కోరేది ఇదే. ఒక్క మైకుతో గంటకు సుమారు 520 ఎంబీ పడుతుంది, దాన్ని బట్టి కార్డులు సిద్ధం చేసుకోండి. బ్యాటరీలు రెట్టింపు ఉండాలి.

ఆరుబయట అసలు శత్రువు గాలి. మైకు మీద బొచ్చు తొడుగు లేకపోతే చిరుగాలి కూడా మాటను మింగేస్తుంది. సాయంత్రాలు కీచురాళ్ల మోత మనుషుల గొంతును కప్పేస్తుంది కాబట్టి ఉదయమే మొదలుపెట్టండి. వాగు ఒడ్డు ఎంత అందంగా ఉన్నా అక్కడ కూర్చోవద్దు. మొదలుపెట్టే ముందు ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆ చోటి శబ్దాన్ని రికార్డు చేయండి. తర్వాత శబ్దం శుభ్రం చేసేటప్పుడు పనికొస్తుంది. ఆ నిమిషంలో పడిన పక్షుల కూతలు కూడా ఒక రికార్డే.

కూర్చుని మాట్లాడటం

మొదట మీ గొంతుతో తేదీ, చోటు, ఇద్దరి పేర్లు చెప్పండి. పేరు వద్దన్నవాళ్లయితే మారుపేరు. తర్వాత బాల్యం నుంచి మొదలుపెట్టండి. "అడవి గురించి చెప్పండి" అంటే ఎవరికైనా నోరు పెగలదు. "మీరు మొదటిసారి అడవిలోకి ఎవరితో వెళ్లారు? ఎందుకు వెళ్లారు?" అంటే మనిషి కళ్ల ముందుకు ఒక రోజు వస్తుంది.

అవును, కాదు అని ముగిసే ప్రశ్నలు వద్దు. జవాబును లోపల పెట్టుకున్న ప్రశ్నలు అంతకంటే వద్దు. "కాంట్రాక్టర్లు మిమ్మల్ని దోచుకున్నారు కదా?" అనేది ప్రశ్న కాదు. "కూలి ఎలా లెక్కకట్టేవారు? దుంగకా, రోజుకా? కొలిచేది ఎవరు? కొలిచేటప్పుడు మీరు దగ్గర ఉండేవారా?" అని అడగండి. దోపిడీ ఉంటే అదే బయటికి వస్తుంది, అదీ ఏ విధంగా జరిగిందో తెలిసేలా.

పని గురించి ఎంత వివరంగా అడిగితే అంత మంచిది. చెట్టు ఎటు పడాలో ముందే ఎలా తెలిసేది? గొడ్డలితో మొదటి గాటు ఎటువైపు పెట్టేవారు? ఇద్దరు లాగే రంపానికి పదును ఎవరు పెట్టేవారు? దెబ్బ తగిలితే ఎక్కడికి మోసుకెళ్లేవారు? వానాకాలంలో పని ఉండేదా? ఉండకపోతే ఎలా గడిచేది? పని వివరాలు చెబుతున్నప్పుడు మనుషులకు చెప్పడంలో అధికారం వస్తుంది, బెరుకు పోతుంది. పాత పనిముట్టు ఏదైనా ఇంట్లో ఉంటే తెచ్చి చేతిలో పెట్టుకోమనండి. నోరు మరిచిపోయినవి చెయ్యి గుర్తు చేస్తుంది.

చేతులు చాచి "ఇంత లావు మొద్దు" అన్నప్పుడు రికార్డర్‌కు ఏమీ కనపడదు. వెంటనే మాటల్లోకి తేవాలి: "అంటే, నిలబడితే మీ ఛాతీ దాకా వచ్చేంతనా?" అలాగే "ఆ గుట్ట", "అటువైపు" అన్నప్పుడల్లా పేరు చెప్పించండి. ఈ ఒక్క అలవాటు లేక ఎన్నో మంచి ఇంటర్వ్యూలు సగం అర్థం కాకుండా మిగిలిపోయాయి.

వాళ్లు ఆగినప్పుడు మీరు వెంటనే మాట్లాడొద్దు. మనసులో పది లెక్కపెట్టండి. ముఖ్యమైన మాటలు చాలాసార్లు ఆ విరామం తర్వాతే వస్తాయి. కన్నీళ్లు వస్తే రికార్డింగ్ ఆపాలా అని అడగండి, వాళ్లే నిర్ణయిస్తారు. గంట, గంటన్నర దాటాక పెద్దవాళ్లు అలసిపోతారు. మిగిలింది ఇంకో రోజుకు పెట్టుకోండి. నలుగురు చేరి మాట్లాడితే ఒకరి మాట ఇంకొకరికి గుర్తు తెస్తుంది నిజమే, కానీ గట్టిగా మాట్లాడేవాళ్ల కథే అందరి కథగా మారిపోతుంది. ముందు ఒక్కొక్కరితో, తర్వాత కావాలంటే గుంపుగా.

నడుస్తూ మాట్లాడటం

అడవి చరిత్రకు మిగతా మౌఖిక చరిత్రలతో ఉన్న తేడా ఇక్కడే. ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే సగమే వస్తుంది. మిగతా సగం నేల మీద ఉంది. కుర్చీలో కూర్చుని "అక్కడ పెద్ద చెట్లుండేవి" అన్న మనిషే ఆ చోట నిలబడితే ఏ చెట్టు ఎక్కడ ఉండేదో, దాని కింద ఎవరు గుడిసె వేసుకున్నారో, దుంగలు జార్చిన గాడి ఇంకా ఏ రాయి పక్కన కనిపిస్తుందో చెప్పగలరు.

దారి వాళ్లనే ఎంచుకోనివ్వండి. మీ మ్యాపులో ఉన్న దారి వాళ్ల జ్ఞాపకంలో లేకపోవచ్చు, వాళ్లు పట్టుకెళ్లే కాలిబాట మీ మ్యాపులో ఉండకపోవచ్చు. ఆ తేడా కూడా సమాచారమే. మీరు ఒక అడుగు వెనక నడవండి. ఆగిన ప్రతిచోటా మూడు పనులు: ఫోన్‌లో జీపీఎస్ స్థానం సేవ్ చేయండి, నాలుగు వైపులా ఫోటోలు తీయండి, "ఇప్పుడు మనం వాగు దాటి ఎడమవైపు మోడు దగ్గర ఉన్నాం, టైమ్ తొమ్మిదీ నలభై" అని పైకి చెప్పండి. తర్వాత మాటకు, మ్యాపుకు ముడి వేసేది ఈ వాక్యమే.

చెట్ల పేర్లు వాళ్లు పలికినట్టే రికార్డు చేయండి, మీరు సవరించొద్దు. ఆ చెట్టు ఆకు ముందు భాగం, వెనక భాగం, బెరడు, పువ్వో కాయో ఉంటే అది, ఫోటోలు తీసి దానికి ఒక నంబరు ఇవ్వండి. అదే నంబరును రికార్డింగ్‌లో కూడా చెప్పండి. శాస్త్రీయ నామం తర్వాత వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు చూసి చెబుతారు. ఒకే పేరుతో రెండు మూడు జాతులను పిలవడం సాధారణం కాబట్టి పేరొక్కటే రాసుకుంటే ముందు ముందు ఎవరికీ ఉపయోగపడదు.

అన్ని స్థానాలూ లోకానికి చెప్పాల్సినవి కావు. అరుదైన మొక్కలు, పక్షుల గూళ్లు, ఖరీదైన కలప మిగిలిన చోట్లు, పూజించే స్థలాలు, సమాధులు, ఇవి ప్రచురించే మ్యాపులో ఉండకూడదు. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్లొద్దు. మీకు చిన్న హెచ్చరికతో పోయేది మీతో వచ్చిన మనిషికి కేసుగా మారవచ్చు. ఇద్దరు సాయం ఉండాలి, నీళ్లుండాలి, వెనక్కి రావడానికి పట్టే టైమ్ లెక్కలో ఉండాలి. నడవలేనివాళ్లకు బండి వెళ్లేంత దూరం వెళ్దామనండి. అదీ కుదరకపోతే పెద్ద మ్యాపు నేల మీద పరిచి, దాని మీద వేలితో నడవమనండి.

అదే రోజు సాయంత్రం

పడుకునే ముందు ఫైళ్లను కంప్యూటర్‌లోకి, ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేయండి. రెండుచోట్లా తెరుచుకుంటున్నాయో లేదో చూశాకే కార్డు చెరపండి. ఫైలు పేరులో తేదీ, చోటు, వరస సంఖ్య ఉండాలి. మైకుకు అందని విషయాలు, అంటే ఎవరు పక్కన ఉన్నారు, ఏ ప్రశ్నకు ముఖం మారింది, రికార్డర్ ఆపాక ఏ సంగతి ఎత్తారు, గుర్తున్నప్పుడే రాసుకోండి. ఆపాక చెప్పినదాన్ని మాత్రం అడగకుండా వాడొద్దు.

రాతలో పెట్టడం

గంట మాటలను రాయడానికి అలవాటైనవాళ్లకే ఐదారు గంటలు పడుతుంది. యాస ఎక్కువైతే, పక్కన శబ్దాలుంటే ఇంకా ఎక్కువ. అయినా చేయాల్సిన పనే. మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్లు సాయపడతాయి కానీ చెట్ల పేర్లు, వాగుల పేర్లు, పనిముట్ల పేర్ల దగ్గరే ఎక్కువ తప్పులు చేస్తాయి, మనకు కావలసినవేమో అవే. ప్రతి వాక్యం వింటూ సరిచూడాలి. శబ్దాన్ని, రాతను పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి ఈలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మాక్స్ ప్లాంక్ భాషా మనోవిజ్ఞాన సంస్థ తయారు చేసింది. యాసను పుస్తక భాషలోకి మార్చొద్దు. మొత్తం రాసే తీరిక లేకపోతే కనీసం ప్రతి ఐదు నిమిషాలకు ఏ విషయం వచ్చిందో నిమిషాలతో సహా సూచిక రాయండి. సూచిక లేని రికార్డింగ్‌ను తర్వాత ఎవరూ తెరవరు.

ఈ రాతకు చట్టంలోనూ బరువుంది. భారతదేశపు 2006 అటవీ హక్కుల చట్టం నియమాలు, దరఖాస్తు చేసినవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పి రాతలో పెట్టిన వాంగ్మూలాన్ని ఒక రుజువుగా ఒప్పుకుంటాయి. కెనడాలో గిట్‌క్సాన్, వెట్సువెటెన్ జాతులు సుమారు 58,000 చదరపు కిలోమీటర్ల నేల తమదని వేసిన దావాలో, వాళ్ల మౌఖిక చరిత్రకు కింది కోర్టు విలువ ఇవ్వలేదు. 1997లో డెల్గామూక్ తీర్పులో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని తప్పుబట్టింది, అలాంటి సాక్ష్యాన్ని రాత పత్రాలతో సమానంగా చూడాలంది. మీ రికార్డు రేపు ఎవరికి ఆధారమవుతుందో ఇప్పుడే తెలియదు కాబట్టి మీ అంతట మీరు ఒక్క మాట కూడా కలపొద్దు, తీయొద్దు.

సరిచూసుకోవడం

జ్ఞాపకం పొరపడుతుంది. అందుకని దాన్ని పక్కన పెట్టక్కర్లేదు. ఇటలీలోని తెర్నీ పట్టణంలో లుయీజీ త్రస్తుల్లీ అనే కార్మికుడు 1949లో నాటో సైనిక కూటమికి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. చాలామంది కార్మికులు మాత్రం అది 1953లో, ఫ్యాక్టరీ నుంచి వేలమందిని తీసేసినప్పుడు జరిగిన గొడవల్లో జరిగిందని చెప్పారు. ఆ తేడాను గమనించిన మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్తెల్లి దాన్ని తప్పుగా కొట్టేయలేదు. తమ బతుకులో పెద్ద దెబ్బ ఏదో అక్కడికే వాళ్లు ఆ చావును జరిపారని అర్థం చేసుకున్నాడు. మీకు కూడా ఎవరో ఒకరు అడవి నరికింది డ్యాము కట్టినప్పుడని చెబుతారు, ఫైలులో పదేళ్ల ముందు అని ఉంటుంది. రెండూ రాసుకోండి. ఎందుకు అలా గుర్తుందో ఆలోచించండి. ఫైలు తప్పయ్యే అవకాశమూ ఉందని మరవొద్దు. లెక్కలు కలపడం కోసం రాసిన రిజిస్టర్లు ఉంటాయి.

అడవికి ఇంకో సాక్షి ఉంది, చెట్టే. రుతువులు స్పష్టంగా మారే చోట చాలా జాతుల చెట్ల కాండంలో ఏటా ఒక వలయం పెరుగుతుంది. కార్చిచ్చు మచ్చ ఏ వలయంలో ఉందో చూసి ఏడాది చెప్పగలరు. అమెరికా వాయవ్య తీరంలో సముద్రపు నీటిలో నిలబడి ఎండిపోయిన రెడ్ సీడార్ అనే చెట్ల మోళ్లున్నాయి. వాటి వేళ్లలోని వలయాలు పరీక్షిస్తే, చివరి పెరుగుదల 1699 వేసవిదని తేలింది. జపాన్‌లో భూకంపం లేకుండానే వచ్చిపడిన సునామీ గురించి ఆనాటి రాతలు ఉన్నాయి. రెండూ కలిపి చూస్తే 1700 జనవరి 26 రాత్రి ఆ తీరంలో మహా భూకంపం వచ్చిందని లెక్క తేలింది. నేల కంపించి, సముద్రం ఊళ్ల మీదికి వచ్చిన రాత్రి గురించి ఆ తీరపు ఆదిమజాతులు తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నాయి. చెట్టు, కాగితం, నోటిమాట మూడూ ఒకచోట కలిసినప్పుడు ఎంత దూరం చూడవచ్చో దీన్ని బట్టి తెలుస్తుంది. మీ లోయలో కూడా కొట్టేసిన పెద్ద మోడు ఏదైనా ఉంటే వలయాలు లెక్కపెట్టగలిగినవాళ్లను తీసుకెళ్లి చూపించండి.

దాచడం, తిరిగి ఇవ్వడం

మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్లో. ఇది కనీసం. వ్యక్తిగత హార్డ్ డిస్కులో మిగిలిన రికార్డింగ్ ఆ మనిషితోపాటే పోతుంది కాబట్టి యూనివర్సిటీ లైబ్రరీకో, రాష్ట్ర ఆర్కైవుకో అప్పగించే ఏర్పాటు మొదటే చూసుకోండి. అంగీకార పత్రం, షరతులు, ఫోటోల నంబర్లు, మ్యాపు ఫైలుతోపాటే వెళ్లాలి. మూసి ఉంచమన్న భాగాలు విడిగా, తేదీ రాసి ఉండాలి.

చెప్పిన మనిషికి ఆడియో, రాత ప్రతి రెండూ ఇవ్వండి, వాళ్ల ఇంట్లో పనిచేసే రూపంలో. చదవలేనివాళ్లకు కూర్చుని వినిపించండి. తీసేయమన్నవి ఆ రోజే తీసేయండి. వాళ్లు ఒప్పుకుంటే ఊళ్లో ఒక సాయంత్రం అందరికీ వినిపించండి. అప్పుడు ఎవరో లేచి "అది ఆ గుట్ట కాదు, దాని వెనకది" అంటారు, ఇంకొకరు "మా నాన్న కూడా ఉన్నాడు ఆ పనిలో" అంటారు. రికార్డర్ ఆన్‌లో ఉంచండి, అందరికీ ముందే చెప్పి. అలా మాట్లాడినవాళ్ల పేర్లు, ఒప్పుకుంటే ఫోన్ నంబర్లు రాసుకోండి. తర్వాతి ఇంటర్వ్యూలు వాళ్లతోనే.